జమ్మలమడుగుకు పోయిన ప్రింటరు

మా ఇంటికి ప్రింటరు వచ్చిన రోజు మా ఆయన దాని అట్టపెట్టె మీదున్న అక్షరాలన్నీ చదివాడు. లోపలున్న పుస్తకం మాత్రం ముట్టుకోలేదు. ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్న మనిషి, మిషను ఎలా వాడాలో ఇంకెవరో రాసింది చదివితే ఆ ఇరవై ఏళ్ల సర్వీసుకు మచ్చ కదా. పుస్తకాన్ని భద్రంగా బీరువాలో, మా పెళ్లి ఆల్బమ్ కింద పెట్టాడు. రెండూ తెరిచి చూసే వస్తువులు కావు కాబట్టి ఒకచోట ఉండడం న్యాయమే.

కొనమన్నది నేనే, ఆ పాపం నాది. నేను జమ్మలమడుగు హైస్కూల్లో తెలుగు చెప్తాను. రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో పోయి వస్తాను. బడిలో పాఠం చెప్పడం అనే చిన్న పని కాక, పిల్లల వివరాలు ఫోన్లో నింపడం, నింపినట్టు మళ్లీ కాగితం మీద చూపించడం అనే పెద్ద పని ఒకటి ఉంటుంది. ప్రతి కాగితానికీ జిరాక్స్ షాపులో నిలబడలేక, ఇంట్లోనే ఒకటి ఉంటే సుఖమనుకున్నాను.

మొదటి రోజే అది పలకలేదు. మా ఆయన దాని ముందర బాసింపట్టు వేసుకుని కూర్చుని, మూత తీసి, మూసి, వెనక తట్టి, ముందర తట్టి, "కంపెనీ నుంచే ఫాల్టు వచ్చినట్టుంది" అని తీర్పు చెప్పాడు.

"సామీ, ప్లగ్గు పెట్టినావా?" అన్నాను. కోపం వచ్చినప్పుడూ, కోపం రాకూడదనుకున్నప్పుడూ ఆయన్ను సామీ అంటాను.

"పెట్టకుండా ఉంటానా? ఏమనుకున్యావు నన్ను?"

పెట్టాడు. గోడకున్న స్విచ్చు వేయలేదు. కరెంటు గురించి రెండు తరాల పిల్లలకు పాఠం చెప్పిన మనిషి కాబట్టి, కరెంటు తన్ను చూసి దానంతటదే వస్తుందనుకున్నాడేమో.

తర్వాత అది పని చేసింది. చేసినన్నాళ్లూ వీధి వీధంతా మా ఇంటికే వచ్చింది. ఆధార్ కాపీ, రేషన్ కాపీ, హాల్ టికెట్టు. వచ్చిన వాళ్లందరికీ మా ఆయన కాపీతో పాటు ఇంకు కాగితం మీద ఎలా పడుతుందో వివరించేవాడు. కాపీ అయితే ఉచితం. ఉపన్యాసం మాత్రం విని తీరాలి.

దసరా వచ్చింది. ప్రొద్దుటూరులో దసరా అంటే మాటలు కాదు, ఊరంతా లైట్లే. ఆయుధ పూజ రోజు మా ఆయన స్కూటరుకు, మిక్సీకి, గ్యాస్ స్టవ్వుకు బొట్లు పెట్టి, ఆ ఊపులోనే ప్రింటరు దగ్గరికి పోయాడు. నేను వంటింట్లో ఓళిగలు చేస్తూ ఉండి చూసుకోలేదు. చూసేసరికి దానికి గంధం, కుంకుమ, మెడలో బంతిపూల దండ. ప్రింటరుకు మెడ యాడుంటుందని అడక్కండి. వెనక కాగితాలు పెట్టే సందుంటుంది, దానికి వేలాడదీశాడు. అంతటితో ఊరుకోలేదు. మూత ఎత్తి, కాపీ తీసే అద్దం మీద కూడా ఒక బొట్టు పెట్టాడు. గర్భగుడిలో దేవుణ్ణి వదిలిపెట్టి గోపురానికి మొక్కితే ఎట్లా అనుకున్నట్టున్నాడు.

పండగ అయిన మూడో రోజు ఎదురింటి పెద్దాయన ఆధార్ కాపీకి వచ్చాడు. కాగితం బయటికొచ్చింది. ఆయన అద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"సారూ, నేను బొట్టు పెట్టుకోవడం మానేసి శానా ఏండ్లాయ గదా. దీంట్లో యాడిది వచ్చె?"

నిజమే. ఫొటోలో ఆయన నుదుటి మీద గుండ్రంగా, నల్లగా, రూపాయి బిళ్లంత బొట్టు. పక్కనే ఉన్న ఆయన భార్య కూడా వంగి చూసి, "ఇట్లనే బాగుండావులే" అంది. ఆ వారం మా ఇంట్లో కాపీ తీసుకున్న ప్రతి మనిషీ ముత్తయిదువే. అద్దం తుడవమని నేను చెప్తే మా ఆయన, "అది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం" అన్నాడు. నేను తడిగుడ్డతో సాఫ్ట్‌వేర్ తుడిచాను. పోయింది.

ఇక్కడ మా వదిన సంగతి చెప్పాలి. ఆమె మా ఆయనకు ఒక్కతే అక్క. వాళ్లది వేంపల్లె దగ్గర పల్లె. నాలుగు తరాలుగా భూమున్న కుటుంబం. ఇప్పుడు భూమి తక్కువైంది, భూమున్నప్పటి మీసాలు మాత్రం అట్లనే ఉన్నాయి. మూడేళ్ల కిందట వదిన భర్త గుండెపోటుతో పోయాడు. పోయినప్పుడు అందరూ వచ్చి అండగా ఉంటామన్నారు. ఏడాది తిరిగేసరికి అండ అంటే ఏందో ఎవరికీ గుర్తు లేదు. వదిన మాత్రం పల్లెలో కూర్చోకుండా పులివెందులకు వచ్చి, ఒక ఇల్లు బాడుగకు తీసుకుని, ముందర వరండాలో సంగటి హోటలు పెడతానంది. ఆమె చేతి సంగటి, నాటుకోడి పులుసు తిన్న వాళ్లెవరూ అందుకు ఆశ్చర్యపోరు.

ఆశ్చర్యపోయింది మా ఆయన. ఉగాది తర్వాత బంధువులంతా కూర్చున్న చోట, అందరూ వింటుండగా, "మన ఇంటి పరువును ప్లేట్లలో పెట్టి అమ్ముతావా అక్కా?" అన్నాడు.

వదిన తినే ప్లేటు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, వచ్చిన బస్సులోనే వెళ్లిపోయింది. తర్వాత ఆరు నెలలు నాతో ఫోన్లో మాట్లాడింది గానీ, తమ్ముడి ఊసెత్తలేదు. మా ఆయన కూడా ఎత్తలేదు. ఆయనకు తప్పయిందని తెలుసు. తెలిసిన విషయాన్ని నోటితో చెప్పడం మాత్రం ఫిజిక్స్ సిలబస్‌లో లేదు.

కార్తీకంలో వదిన ఫోన్ చేసి, వచ్చే గురువారం హోటలు తెరుస్తున్నానని చెప్పింది. "నువ్వు రావల్ల మే. నీ ఇష్టముంటే ఆయప్పను కూడా పిల్చుకోని రా" అంది. తమ్ముణ్ణి పరాయి మనిషిలా ఆయప్ప అనడం నాకు బాగా వినబడింది. పక్కన నిలబడి చెవి పెట్టిన మా ఆయనకు ఇంకా బాగా వినబడింది. ఫోన్ నా చేతిలోంచి లాక్కుని, ఆరు నెలల మౌనాన్ని ఏ మాటతో దాటాలో తెలియక, ఒక్కసారిగా అరిచాడు.

"అక్కా! మెనూ కార్డులు నేను కొట్టిస్తా! కొట్టించేదేంది, మా ఇంట్లోనే కొడ్తా! యాభై! రంగుల్లో!"

అవతల నుంచి వదిన గొంతు. "సంగటి హోటలుకు కార్డులేందిరా? సరే లే, నీ ఇష్టం." ఫోన్ పెట్టేసింది.

'రా' అంది. మా ఆయన మొహం దసరా లైట్లలా వెలిగింది.

శనివారం పొద్దున పని మొదలు. మెనూ నేను నా లాప్‌టాప్‌లో టైపు చేశాను. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఉగ్గాని బజ్జీ, ఎర్రకారం దోశ, చెనిక్కాయల ఊరిబిండి, ఓళిగలు. ఆయన బజారుకు పోయి పెళ్లిపత్రికలంత మందం కాగితాలు యాభై తెచ్చాడు. "పల్చటి పేపరైతే చీప్‌గా ఉంటాది" అన్నాడు. కుర్చీ ముందుకు లాక్కుని ప్రింటు నొక్కాడు.

ప్రింటరు ఆఫ్‌లైన్ అని వచ్చింది. మళ్లీ నొక్కాడు. ఆఫ్‌లైన్. లిఫ్టు రాలేదని బటన్ను పదిసార్లు నొక్కే రకం మనిషి. ప్రింటరుకు వినబడలేదేమో అనుకుని, గట్టిగా నొక్కాడు.

పదకొండు గంటలకు కారణం నేనే కనుక్కున్నాను. అంతకు ముందు వర్షాకాలంలో, పైన బాడుగకున్న వాళ్లు మా వైఫై వాడుకుంటున్నారని అనుమానించి, మా ఆయన పాస్‌వర్డు మార్చాడు. ఫోన్లలో మార్చాడు, టీవీలో మార్చాడు, లాప్‌టాప్‌లో మార్చాడు. ప్రింటరుకు చెప్పలేదు. అది పాత పాస్‌వర్డు పట్టుకుని, ఎవరూ తలుపు తీయని ఇంటి ముందర చుట్టంలాగా మూడు నెలలుగా నిలబడి ఉంది.

"మరి ఇన్నాళ్లూ కాపీలు వచ్చినాయి గదా?" అన్నాడు.

"కాపీ తీయడానికి నెట్టెందుకు సామీ? ప్రింటు కావాలంటేనే నెట్టు."

నా బడి కాగితాలు కూడా ఈ మధ్య కాపీలతోనే సరిపోయినాయి కాబట్టి ఇన్నాళ్లూ సంగతి బయటపడలేదు. కొత్త పాస్‌వర్డు ఏందో ఆయనకు గుర్తు లేదు. ఇతరులు కనుక్కోలేనంత గట్టిదిగా పెట్టాడు. అందులో తనూ ఇతరుడే అయ్యాడు. చివరికి ఒక వైరు వెతికి, లాప్‌టాప్‌కూ ప్రింటరుకూ తగిలించాడు. లాప్‌టాప్ ఏదో కొత్త మిషను వచ్చిందనుకుని దాన్ని రెండో పేరుతో ఎక్కించుకుంది. దాంట్లో ఒక కాగితం బయటికొచ్చింది. తెలుగు అక్షరాలున్న చోటల్లా ఖాళీ డబ్బాలు. ఫాంటు మార్చాడు. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి, ఒత్తులు మాత్రం విడిపోయి పక్కన నిలబడ్డాయి. ఉగ్గాని కాస్తా ఉగగాని అయ్యింది. ఎర్రకారం ఎరరకారం. బడిలో పిల్లలు ఒత్తు ఎగరగొడితే అర మార్కు తీసేస్తాను. దీనికి ఏం తీయాలో తెలియక, మెనూను ఫోన్లో పీడీఎఫ్ చేసి పంపాను. ఒత్తులు కిందికి దిగాయి.

అప్పుడు రంగులు రాలేదు. ఎర్రకారం దోశ పచ్చగా, ఓళిగలు నీలంగా వచ్చాయి. చాలా రోజులు రంగుల్లో ప్రింటు తీయకపోతే ఆ ఇంకు వచ్చే సన్న బెజ్జాల్లో ఎండిపోతుంది. మన ఎండలకు మనుషులే ఎండిపోతారు, ఇంకు ఒక లెక్కా. దానికి క్లీనింగ్ అని ఒక బటన్ ఉంటుంది, ఒకటి రెండుసార్లు నొక్కి, కొన్ని గంటలు ఆగాలి. ఇది ఆయన ఆల్బమ్ కింద పెట్టిన పుస్తకంలో ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆయన వరసగా పదకొండుసార్లు నొక్కాడు. ప్రింటరు పదకొండుసార్లు మూలిగింది. ఎర్ర ఇంకు ట్యాంకులో సగం, ఎవరి దాహమో తీర్చి మాయమైపోయింది.

ఆదివారం మందం కాగితం పెట్టాడు. గర్‌మని లోపలికి లాక్కుని సగంలో మింగేసింది. ఆయన బయటికి లాగాడు. కాగితం ఒక ముక్క చేతికొచ్చింది, మిగతాది లోపలుంది. స్క్రూడ్రైవర్ తెచ్చాడు.

స్క్రూడ్రైవర్ చూడగానే నేను లేచాను. మా ఇంట్లో స్క్రూడ్రైవర్ బయటికొచ్చిన ప్రతిసారీ ఒక వస్తువు పాత సామాన్లోడి బండెక్కింది. "ఇంక చాలు. రేపు నేను జమ్మలమడుగుకు తీసుకపోతా. అక్కడ ఒక ఆమె బాగు చేస్తాది" అన్నాను.

"ప్రొద్దుటూరులో లేని మెకానిక్ జమ్మలమడుగులో ఉంటాదా?"

"ఉంటాది. నువ్వు ముట్టుకోని ప్రింటర్లన్నీ ఆమె దగ్గరే ఉండాయి."

సోమవారం పొద్దున ప్రింటరును దుప్పట్లో చుట్టి బస్టాండుకు తెచ్చాడు. బస్సెక్కించి, సీటు మీద పెట్టి, దాని నెత్తి నిమిరి దిగిపోయాడు. నా పెళ్లప్పుడు మా నాయన నన్ను సాగనంపింది కూడా అంత జాగ్రత్తగా కాదు.

కండక్టరు వచ్చాడు. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు కాబట్టి నా ఆధార్ చూసి సున్నా టికెట్టు కొట్టాడు. దుప్పటి వైపు చూశాడు.

"అదేందమ్మా?"

"ప్రింటరు."

"సీటు మీదుంది గదా. దానికి టికెట్టు కొట్టల్ల."

"ఆడవాళ్లకు ఫ్రీ కదప్పా."

"అది ఆడదని యాడుంది?"

వెనక సీట్లోని ఒక పెద్దామె, చెనిక్కాయలు ఒలుస్తూ, "పొద్దన్నుంచి పనిజేసి, చెడిపోతే దుప్పట్లో సుట్టుకోని పోయేది ఆడదే గానీ మొగోడా? వదిలెయ్ అబ్బోడా" అంది. బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు. నవ్వుతూనే లగేజీ టికెట్టు కొట్టాడు.

జమ్మలమడుగు బస్టాండు వెనక సందులో ఆమె షాపు. ఒక పక్క కుట్టు మిషను, ఒక పక్క జిరాక్స్ మిషను. యాభై దాటిన ముస్లిం ఆవిడ. ముందు బ్లౌజులు కుట్టేది. జిరాక్స్ మిషను కొన్న తర్వాత, బాగు చేసేవాడు కడప నుంచి వచ్చేలోగా రెండు రోజులు నష్టమవుతుందని తనే విప్పడం మొదలుపెట్టింది. కుట్టు మిషను నూనె, కత్తెర, దారం తీసే పటకారు, వాటితోనే ప్రింటర్ల వైద్యం. బడికి పోతూ ప్రింటరును, లాప్‌టాప్‌ను ఆమెకిచ్చి, సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ వచ్చాను.

నన్ను చూడగానే ఆమె ఒక ప్లేటు ముందర పెట్టింది. ప్లేట్లో ఎండిన బంతిపూల రేకలు, ఒక వక్క, చిన్న గంధం పెళ్ల, కాగితం ముక్క.

"ఇవన్నీ లోపల ఉండినాయి మేడమ్. ఇది ప్రింటరా, పూజ రూమా?"

"మా ఆయన దసరాకు పూజ చేసినాడు."

"చేయనీ. దండ వెనక సందులో ఎందుకేసినాడు? రేకలు జారి చక్రాల కింద కూచున్యాయి. పేపరు జారిపోతాది, ఇరుక్కుంటాది. మళ్ల ఈ మందం పేపరు చూడు." ఆమె కాగితాన్ని వేళ్ల మధ్య రుద్దింది, బట్ట చూసినట్టు. "మందం గుడ్డకు సూది మార్చల్ల గదా. దీనికీ అంతే. సెట్టింగులో మందం పేపరు అని పెట్టి, ఒక్కొక్కటే ఇయ్యల్ల. కట్ట పెడితే యాడ మింగుతాది పాపం?"

"ఇంకు?"

"పొద్దున ఒకసారి కడిగినా, మధ్యాన్నం ఒకసారి కడిగినా. నడమ దాన్ని వదిలేసినా. మీ ఇంట్లో ఎవురో వదలకుండా కడిగినారు. మురికి ఇంకు పడే స్పాంజి నిండిపోతాండాది. ఇంగ రెండుసార్లు కడిగింటే మిషనే నిలబడిపోతా ఉండె."

ఆ పేరులేని 'ఎవురో'ను నేను కాపాడలేదు.

ఆమె ప్రింటరును తన షాపు నెట్టుకు కలిపింది, నా లాప్‌టాప్‌ను కూడా కలిపింది. "ఇప్పుడు చూడు" అని వెనక్కి జరిగింది. నేనింకా ఏమీ నొక్కలేదు. ప్రింటరు తనంతట తాను గర్‌మని లేచి కాగితం లాక్కుంది.

"ఇదేంది?" అన్నాను.

"క్యూ. ఆఫ్‌లైన్‌లో ఉన్నప్పుడు నొక్కినవన్నీ లోపల వరస కట్టి కూచోనుంటాయి. ఇప్పుడు దారి దొరికింది, అన్నీ వస్తాయి. రద్దు చేయల్లనా?"

చేయమనేలోగా మొదటి కాగితం వచ్చింది. వర్షాకాలంలో నాకు జ్వరమొచ్చినప్పుడు రాసిన సెలవు చీటీ. ఆ సెలవు నేను చేత్తో రాసి ఇచ్చి, తీసుకుని, జ్వరం తగ్గి, మళ్లీ బడికి పోయి కూడా చాలా కాలమైంది. రెండోది, బట్టతల మీద జుట్టు మొలిపించే చిట్కాలు. నాలుగు పేజీలు. నా లాప్‌టాప్‌లో అది ఎవరు వెతికారో చెప్పనక్కర్లేదు. షాపామె చదివి, నా మొహం చూసి, "ఉల్లిగడ్డ రసం పని చేయదు మేడమ్, మా ఇంట్లో చూసినాం" అంది.

తర్వాత వచ్చిన కాగితం మీద పైన 'అక్కా' అని ఉంది.

నిలబడే చదివాను. ఇప్పటికీ నాకు నోటికి వచ్చు.

"అక్కా, బావ పోయినప్పుడు అండగా ఉంటానని అందరి ముందర చెప్పినాను. నువ్వు నీ కాళ్ల మీద నిలబడతానంటే అందరి ముందరే అడ్డం నిలబడినాను. మా కాలేజీలో నాలుగు నెలలు జీతం ఇవ్వనప్పుడు రాగులు, చెనిక్కాయలు మూటలు కట్టి బస్సులో వేసి పంపింది నువ్వు. అవి తిన్నప్పుడు నాకు పరువు గుర్తు రాలేదు. తప్పు నాది. ఇది నోటితో చెప్పాలంటే నాకు మాట రావడం లేదు. నీ తమ్ముడు."

ఒకసారి చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంటుంటే ప్రింటరు మళ్లీ గర్‌మంది. మళ్లీ 'అక్కా'. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. మొత్తం తొమ్మిది. వర్షాకాలంలో ఒక రోజు, నేను ఇంట్లో లేనప్పుడు, నా లాప్‌టాప్ ముందర కూర్చుని ఆయన ఆ ఉత్తరం టైపు చేసి, ఆఫ్‌లైన్ అని వస్తుంటే తొమ్మిదిసార్లు నొక్కి, రాకపోయేసరికి, సరే పో అని లేచిపోయి ఉంటాడు. ఫోన్ ఉంది, చేయలేదు. చేత్తో రాయొచ్చు, ఆయన చేతిరాత ఆయనకే అర్థం కాదు, అది నిజమే. బస్సు ఉంది, గంటన్నర దూరంలో అక్క ఉంది. కానీ మా ఆయన పశ్చాత్తాపానికి వైఫై కావాలి.

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నాకు ఒక్కసారి కూడా 'తప్పు నాది' అనని మనిషి. ఇక్కడ తొమ్మిది కాపీలు. కోపం రావాలి కదా. వచ్చింది కూడా. దాంతో పాటు కళ్లలో నీళ్లు కూడా వచ్చినాయి, అవి ఎందుకొచ్చినాయో ఆ రోజు నన్ను అడిగినా చెప్పలేకపోయేదాన్ని. షాపామె చూడనట్టు తల తిప్పుకుని, సూదిలో దారం ఎక్కించుకుంటూ, "తొమ్మిదిసార్లు నొక్కినాడంటే మనిషి మంచోడే" అంది. కాసేపటికి, "నొక్కితే సరిపాయె అనుకుంటారు మొగోళ్లు, అంతే" అంది.

క్యూలో మిగిలిన శనివారం మెనూలను ఆమె రద్దు చేసింది. కార్డులు అక్కడే, ఒక్కొక్క కాగితం ఇస్తూ, ఇద్దరం కలిసి తీశాం. మింగినవీ చింపినవీ పోగా నలభై ఒకటి. ఎర్రకారం ఎర్రగా, ఒత్తులు ఒత్తుల చోట. ఇంటికొచ్చి కార్డులు చూపిస్తే మా ఆయన వెలుతురుకు పట్టి చూసి, "నేను క్లీనింగ్ చేసింది ఇప్పుడు పని చేసినట్టుంది" అన్నాడు. ఉత్తరం సంగతి నేను ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయన దాన్ని కూడా సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అనేవాడు.

గురువారం సెలవు పెట్టి పులివెందులకు పోయాం. వదిన హోటలు మార్కెట్టుకు పోయే దారిలో, ఆరు బల్లలు, రెండు పొయ్యిలు. రిబ్బను లేదు, మైకు లేదు. గడప దగ్గర టెంకాయ కొట్టి, చీర కొంగు దోపుకుని లోపలికి పోయింది. తమ్ముణ్ణి చూసి, "వచ్చినావా?" అంది, అంతే. మా ఆయన కార్డులను బల్లకు రెండు చొప్పున పేర్చి, మిగిలినవి చేతిలో పట్టుకుని, వచ్చిన వాళ్లకు శుభలేఖలు పంచినట్టు పంచాడు.

మొదట వచ్చింది అరటి లోడుతో వచ్చిన రైతులు నలుగురు. కార్డు తీసుకున్నారు, దాంతో విసురుకున్నారు, దాని మీద నీళ్ల గ్లాసు పెట్టారు. తర్వాత లోపలికి చూసి, "ఏముందక్కా తినేదానికి?" అని కేకేశారు.

"సంగటి, నాటుకోడి!" అని వదిన లోపల్నుంచి కేకేసింది. మెనూ అయిపోయింది.

మా ఆయన మొహం చూడలేక నేను వంటింట్లోకి పోయాను. వదిన పొయ్యి ముందర ఉంది. సంచిలోంచి ఉత్తరం తీసి ఇచ్చాను. "ఇది నీకు రాసినాడు వదినా. నీ దగ్గరికి రావడానికి కొంచెం ఆలస్యమైంది."

ఆమె చేతులు తుడుచుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని, "అద్దాలు యాడనో పెట్నా మే. నువ్వే చదువు" అంది. చదివాను. పక్కన గ్రైండరు తిరుగుతోంది, కాబట్టి గట్టిగానే చదవాల్సి వచ్చింది. 'రాగులు, చెనిక్కాయలు' దగ్గరికొచ్చేసరికి గుమ్మంలో చప్పుడైంది. మా ఆయన ఖాళీ నీళ్ల బక్కెటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అది నీకెట్ల దొరికింది?" అన్నాడు.

"ప్రింటరు బాగైంది సామీ."

ఆయన బక్కెటు కింద పెట్టాడు. ఎత్తాడు. మళ్లీ పెట్టాడు. వదిన గ్రైండరు ఆపింది. ఒక్కసారిగా అంత నిశ్శబ్దంలో ఆయనకు దాక్కునే చోటు లేకపోయింది.

"ఎన్ని దినాలైంది రా ఇది రాసి?"

"వానల్లో రాసినా అక్కా. ప్రింటు కాలేదు."

"ప్రింటు కాకపోతే నీకు నోరు ల్యా?"

ఆయన ఏదో అనబోయాడు. ఫిజిక్సు పుస్తకాలన్నీ వెతికినా దొరకని మాట. చివరికి, బక్కెటు వైపు చూస్తూ, "తప్పయింది అక్కా" అన్నాడు. నేను విన్నాను. ఒకే ఒక్కసారి, చిన్న గొంతుతో, కానీ అన్నాడు.

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది, అది పొయ్యి సెగకా ఇంకెందుకా నేను చూడలేదు. తర్వాత పెద్ద తెడ్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇంద. ఆ సంగటి కెలుకు. గెడ్డలు కట్టిందంటే ఊరుకోను."

బయట అరటి రైతులు ఇంకో ముద్ద అడుగుతున్నారు. కాలేజీలో పిల్లలను నిలబెట్టే లెక్చరరు, మన ఇంటి పరువును ప్లేట్లలో పెట్టి, తనే స్వయంగా మోసుకుని పోయి వడ్డించాడు. చొక్కా మీద పులుసు పడింది. ఒక రైతు ఆయన్ను, "అబ్బోడా, రోంత ఊరిబిండి ఎయ్" అన్నాడు. వేశాడు. మూడు గంటల దాకా కూర్చోలేదు. గెడ్డలు మాత్రం కట్టినాయి. వదిన ఊరుకుంది.

తిరుగు బస్సులో ఆయన ముద్దనూరు దాకా అరచేతిలో వచ్చిన బొబ్బనే చూసుకుంటూ కూర్చున్నాడు. ముద్దనూరులో బస్సు ఆగినప్పుడు, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు.

"అది ఒక్కటే వచ్చిందా? నేను శానాసార్లు నొక్కినట్టు గుర్తు."

"తొమ్మిది వచ్చినాయి."

"మిగతా ఎనిమిది ఏం చేసినావు?"

"వెనక పక్క తెల్లగానే ఉండాయి గదా. ఎనిమిదో తరగతి పిల్లలకు స్లిప్ టెస్టుకు ఇచ్చినా."

ఆయన సీట్లోంచి లేచినంత పని చేశాడు. "పిల్లలు చదువుతారే!"

"చదవనీ. వాళ్లకు ఈ నెల లేఖా రచన పాఠమే."

నిజానికి అవన్నీ నా బీరువాలోనే ఉన్నాయి. ఆ మాట యర్రగుంట్ల దాటేదాకా ఆయనకు చెప్పలేదు.